పిట్ లేన్‌లో ఒక్క కిలోమీటరు ఎక్కువైతే

రేసు కార్లు టైర్లు మార్పించుకోవడానికి ట్రాక్ నుంచి పక్కకు వచ్చే దారి పిట్ లేన్. దాని పొడవు 300 మీటర్లు, అందులో వేగానికి హద్దు గంటకు 60 కిలోమీటర్లు అనుకుందాం. 60లో ఆ దూరం దాటడానికి సరిగ్గా 18 సెకన్లు పడుతుంది. 61లో వెళితే 17.7. మిగిలేది సెకనులో మూడో వంతు కూడా కాదు. దానికి పడే శిక్ష మాత్రం డ్రైవ్‌త్రూ. రేసు మధ్యలో మళ్లీ పిట్ లేన్‌లోకి వచ్చి, ఆగకుండా అదే 60లో ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లి బయటపడాలి. అందులో తక్కువలో తక్కువ పన్నెండు సెకన్లు పోతాయి, మామూలుగా పదిహేను. అర్ధ రూపాయి ఎక్కువ తీసుకున్నందుకు పాతిక రూపాయలు కట్టించుకున్నట్టు.

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నుంచి చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై వెళ్లి కార్ల రేసులు చూసేవాళ్లున్నారు. 1990లో ఆ ట్రాక్ రాకముందు మద్రాసు రేసులు శోలవరంలో, మన కలకత్తా రోడ్డు పక్కనే ఉన్న పాత విమానాల రన్‌వే మీద జరిగేవి కాబట్టి ఈ ఆట మనకు కొత్తదేం కాదు. మన దేశంలో టూరింగ్ కార్ల (రోడ్డు కార్లనే రేసుకు మార్చినవి) రేసులు చాలావరకు పిట్ స్టాప్ లేని చిన్న స్ప్రింట్లు. అందుకే ఇక్కడ పిట్ లేన్ వేగం గొడవ ప్రాక్టీసులో, స్టార్టు వరుసను తేల్చే క్వాలిఫయింగ్‌లో ఎక్కువ కనిపిస్తుంది. గంటల తరబడి సాగే ఎండ్యూరెన్స్ రేసుల్లో, పిట్ స్టాప్ తప్పనిసరి చేసిన రేసుల్లో మాత్రం గెలుపోటములను తేల్చేది చాలాసార్లు ఇదే. అక్కడ రెండు వాదనలు వినిపిస్తాయి. సెకనులో మూడో వంతు లాభానికి రేసంతా నాశనం చేస్తారా అనేది ఒకటి. రూలు రూలే, 60.1 అయినా దాటినట్టే అనేది రెండోది.

రెండూ సగం సగం తప్పే. హద్దు గట్టిగా ఉండాలి, దాటితే శిక్ష పడి తీరాలి. అయితే ఎంత దాటాడో చూడకుండా అందరికీ ఒకే డ్రైవ్‌త్రూ వేయడం అన్యాయం. ఎంత దాటాడో, దాన్ని ఎక్కడ ఎలా కొలిచారో చెప్పకుండా వేయడం అంతకంటే అన్యాయం.

మొదటి వాదనలో తప్పు ఎక్కడుందంటే, అది శిక్షను లాభంతో తూకం వేస్తుంది. పిట్ లేన్ హద్దు పెట్టింది లాభనష్టాల కోసం కాదు. 1990 నవంబరులో అమెరికాలోని అట్లాంటాలో నాస్కార్ కార్ల రేసు జరుగుతుండగా పిట్ రోడ్డులో ఒక కారు అదుపు తప్పి, టైరు మారుస్తున్న మైక్ రిచ్ అనే మెకానిక్ ప్రాణం తీసింది. మరుసటి ఏడాదే అక్కడ పిట్ రోడ్డుకు వేగ పరిమితి వచ్చింది. 1994లో ఇమోలాలో మినార్డీ కారు చక్రం పిట్ లేన్‌లో ఊడిపోయి వేరే జట్ల మెకానిక్కులను గాయపరిచాక ఫార్ములా 1లో కూడా పెట్టారు. అంతకుముందు కార్లు రేసు వేగంతోనే మనుషుల పక్క నుంచి దూసుకుపోయేవి.

టూరింగ్ కారు పిట్ స్టాప్‌ను దగ్గరగా చూడండి. కారు గాలి జాకీల మీద లేచి ఉంటుంది. లేన్ వైపు చక్రం మార్చేవాడు మోకాళ్ల మీద కూర్చుని ఉంటాడు. వీపు లేన్‌కు, చెవులకు మఫ్‌లు, చేతిలో వీల్ గన్, పక్కన నేల మీద గాలి గొట్టం. వెనక నుంచి వచ్చే కారు అతనికి కనపడదు, వినపడదు. అతనికీ ఆ కారుకూ మధ్య ఉండేది ఒకటి రెండు మీటర్లు. 60లో వస్తున్న డ్రైవరు ఒక సెకను ఆలస్యంగా బ్రేకు తొక్కాడనుకుంటే, మంచి బ్రేకులతో కారు ఆగడానికి మొత్తం 34 మీటర్లు పడుతుంది. 80లో అయితే 53. ఆ తేడా 19 మీటర్లలో రెండు మూడు జట్ల మనుషులు పని చేస్తుంటారు. వేగం 60 నుంచి 80కి పెరిగితే ఢీకొట్టే శక్తి 78 శాతం పెరుగుతుంది. కాబట్టి ఎన్ని సెకన్లు మిగిలాయన్న లెక్కతో శిక్షను కొలవకూడదు.

ఇక్కడే రెండో వాదన కూడా కూలిపోతుంది. అపాయమే కొలమానం అనుకుంటే 61కీ 80కీ ఒకే శిక్ష ఎలా వేస్తారు? 61లో ఆ శక్తి పెరిగేది 3 శాతం పైచిలుకు మాత్రమే. మన రోడ్డు చట్టమూ ఇలాంటిదే. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం కారు అతివేగానికి జరిమానా 1000 నుంచి 2000 రూపాయల మధ్యే ఉంటుంది. ఎన్‌హెచ్ 16 మీద హద్దుకు ఐదు ఎక్కువ పోయినవాడూ యాభై ఎక్కువ పోయినవాడూ ఆ వెయ్యి తేడాలోనే ఇమిడిపోవాలి. రోడ్డు మీద వేలాది బళ్లు కాబట్టి ఆ మొరటు లెక్కతో సర్దుకుపోతాం. రేసులో ఉండేది ఇరవై ముప్పై కార్లు, వెయ్యో వంతు సెకను చూపించే యంత్రాలు. అక్కడ కూడా మొరటు లెక్క ఎందుకు?

కారు వైపు నుంచి

పిట్ లిమిటర్ బటన్ నొక్కితే కారు దానంతట అది 60కి దిగిపోతుందని చాలామంది అనుకుంటారు. లిమిటర్ బ్రేకు వేయదు. చక్రం దగ్గరున్న సెన్సర్ పళ్ల రింగును చూసి పల్సులు లెక్కపెడుతుంది. 650 మిల్లీమీటర్ల టైరు, 48 పళ్ల రింగు ఉంటే 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకు సుమారు 392 పల్సులు వస్తాయి. అంతకు మించితే ఈసీయూ, అంటే ఇంజనును నడిపే కంప్యూటరు, స్పార్కును గానీ పెట్రోలును గానీ కోస్తుంది. ఇంజను వేగం పెంచకుండా ఆపడం వరకే దాని పని. 90లో ఉండగా నొక్కితే కారు 90 నుంచి మెల్లగా దిగుతుంది. హద్దు మొదలయ్యే గీత దాటేలోపు 60కి తేవాల్సింది డ్రైవరు కాలే. పిట్ లేన్ పల్లంగా ఉండి గేరు పెద్దదైతే, లిమిటర్ పవర్ కోస్తున్నా కారు జారుతూ హద్దు దాటుతుంది. అలాంటిచోట ఒక గేరు దించి ఇంజను పట్టు ఉంచుకోవాలి.

రెండో చిక్కు టైరు. ఈసీయూకు తెలిసేది చక్రం ఎన్నిసార్లు తిరిగిందన్నది మాత్రమే. ఒక తిప్పుకు ఎంత దూరమో మనం టైపు చేసిన అంకె. అరిగిన టైరుతో కొలిచి 60కి సెట్ చేసి, రేసు రోజు కొత్త టైరు వేస్తే ఏమవుతుంది? మూడు మిల్లీమీటర్ల రబ్బరు తేడాకు వ్యాసం ఆరు మిల్లీమీటర్లు పెరుగుతుంది. తిప్పుకు దూరం దాదాపు ఒక శాతం పెరుగుతుంది. డాష్ మీద 60 కనిపిస్తుంటే నేల మీద కారు 60.5 దాటి పోతుంటుంది. డ్రైవరు ఏ తప్పూ చేయలేదు, లిమిటర్ పాడవలేదు, అయినా శిక్ష పడుతుంది. వేడెక్కి గాలి పెరిగిన టైరు కూడా ఇదే వైపు కొంచెం తోస్తుంది.

దీనికి విరుగుడు ఖర్చు లేనిది. నెల్లూరు ఆటోనగర్‌లో ఏ షెడ్డులోనైనా చదునైన సిమెంటు నేల ఉంటే చాలు. కొత్త టైరు వేసి, వేడెక్కాక ఎంత గాలి ఉంటుందో అంత పెట్టండి. డ్రైవరును సీట్లో కూర్చోబెట్టండి, పెట్రోలు సగం ఉండాలి. టైరు మీద, దాని కింద నేల మీద సుద్దతో గీత పెట్టి, కారును తిన్నగా పది తిప్పులు తోసి, మళ్లీ గీత పెట్టి స్టీలు టేపుతో కొలవండి. పదితో భాగిస్తే వచ్చేదే ఈసీయూలో వేయాల్సిన అంకె. ఒక తిప్పు కొలిస్తే సెంటీమీటరు పొరపాటు అర శాతం అవుతుంది, పది తిప్పులు కొలిస్తే అదే సెంటీమీటరు లెక్కలోకి రాదు. అలా కొలిచాక కూడా లిమిటర్‌ను 60కి కాదు, 59కి పెట్టాలి. 300 మీటర్లలో దానికి పోయేది సెకనులో మూడో వంతు. ఆ కాస్త దగ్గర లోభించే జట్టుకు తర్వాత ఏడ్చే హక్కు లేదు.

మూడోది బ్రేకు. టీసీఆర్ అనే టూరింగ్ క్లాసులో లాంటి ముందు చక్రాల డ్రైవ్ కార్లలో గట్టిగా బ్రేకు వేస్తే వెనక భాగం తేలికై, వెనక చక్రం క్షణం పాటు లాక్ అవుతుంది. సెన్సర్ ఆ చక్రం మీద ఉంటే ఈసీయూకు కారు ఆగిపోయినట్టు కనిపిస్తుంది. సెన్సర్‌ను ముందు చక్రం మీద పెడితే బాక్సు (పిట్ లేన్‌లో జట్టు కారు ఆగే చోటు) నుంచి బయల్దేరేటప్పుడు చక్రం జారి, లేని వేగం చూపిస్తుంది. రెండు చక్రాల రీడింగులు తీసుకుని పోల్చి చూసే సెట్టింగు ఉంటే వాడుకోవడం మేలు.

లిమిటరే లేని క్లాసుల్లో డ్రైవరుకు దిక్కు ఆర్‌పీఎం ముల్లు. చక్రం చుట్టుకొలత 1.8 మీటర్లు, రెండో గేరు నిష్పత్తి 1.9, ఫైనల్ డ్రైవ్ (గేర్ల తర్వాత చక్రాలను తిప్పే చివరి పళ్ల జత) నిష్పత్తి 4.1 అయితే 60కి 4,330 ఆర్‌పీఎం దగ్గర పట్టుకోవాలి. ముల్లు వంద అటో ఇటో అయితే వేగం 1.4 కిలోమీటర్లు మారిపోతుంది. పక్కన మనుషులు, ముందు తన బాక్సు బోర్డు, చెవిలో రేడియో, అన్నిటి మధ్య ఆ వంద ఆర్‌పీఎంను కంటితో పట్టుకోవాలి. అలాంటి క్లాసులో 61కి డ్రైవ్‌త్రూ వేయడం నాకు ఏ రకంగానూ సబబుగా అనిపించదు. అక్కడ జట్లు 55ను గురిగా పెట్టుకోవాలి, నిర్వాహకులు కూడా ఆ కార్లకు లిమిటర్ లేదన్న సంగతి గుర్తుపెట్టుకుని మినహాయింపు రాయాలి.

కొలిచే వైపు నుంచి

ప్రకాశం జిల్లా తిరనాళ్లలో బండలాగుడు పోటీ చూసినవాళ్లకు తెలుసు. ఎడ్ల జత లాగిన దూరాన్ని అడుగులు, అంగుళాలతో సహా టేపు పట్టి అందరి ముందూ కొలుస్తారు, మైకులో చెబుతారు. ఓడిన జత యజమాని కూడా అక్కడే నిలబడి టేపు చూస్తాడు. అంగుళాల తేడాతో బహుమతి పోయినా మారుమాట్లాడకుండా వెనక్కి తిరిగేది ఆ టేపును చూసినందుకే. పిట్ లేన్‌లో ఇదే లోపిస్తోంది.

కొలిచే పద్ధతులు మూడు. స్పీడ్ గన్‌ను లేన్‌కు వాలుగా పట్టుకుంటే ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. 20 డిగ్రీల వాలులో 60 కాస్తా 56.4 అవుతుంది. ఆ తప్పు డ్రైవరుకు లాభమే, కానీ మనిషి నిలబడ్డ చోటును బట్టి ఒక్కో కారుకు ఒక్కో హద్దు అమలవుతుంది. అది కూడా అన్యాయమే. రెండోది ఫోటో సెల్స్, అంటే కారు అడ్డం రాగానే తెగే కాంతి కిరణాలు. మూడోది నేలలో పాతిన లూప్ అనే తీగ, దాని మీదుగా పోగానే కారు గుర్తును అందించే ట్రాన్స్‌పాండర్. ఈ రెండూ చేసేది ఒకే పని. తెలిసిన దూరాన్ని పట్టిన సమయంతో భాగిస్తాయి. లూపుల మధ్య 20 మీటర్లు ఉంటే 60లో పట్టే సమయం 1.200 సెకన్లు. వెయ్యో వంతు సెకను తప్పితే వేగంలో తేడా 0.05 కిలోమీటరు మాత్రమే. కానీ ఆ 20 మీటర్లను కొలవడంలో పది సెంటీమీటర్లు తప్పితే 0.3 తేడా వస్తుంది. దూరం 10 మీటర్లే అయితే అదే తప్పుకు 0.6. గడియారాన్ని అందరూ అనుమానిస్తారు గానీ అసలు అనుమానించాల్సింది టేపును.

మినహాయింపు ఎంత ఉండాలన్న ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. కొలిచే సరంజామాలో ఎంత తప్పు దొర్లగలదో అంత మినహాయింపు ఇవ్వాలి. నా లెక్కలో ఒక కిలోమీటరు సరిపోతుంది. లిమిటర్ ఉన్న క్లాసుల్లో కారు తప్పుకు, టైరు తప్పుకు, డ్రైవరు తప్పుకు మినహాయింపు అక్కర్లేదు, అవి జట్టు బాధ్యత. ఈ రెంటినీ కలిపేయడం వల్లే వాదన తెగడం లేదు. నాస్కార్‌లో ముందే చెప్పి గంటకు 5 మైళ్ల మినహాయింపు ఇస్తారు. అది నాకు మరీ ఎక్కువనిపిస్తుంది. జట్లన్నీ ఆ మినహాయింపునే అసలు హద్దుగా పెట్టుకుని దాని అంచున నడుపుతాయి.

సగటు వేగంలో ఇంకో కన్నం ఉంది. లూపుల మధ్య వంద మీటర్లు ఉండి, జట్టు బాక్సు ఆ ముక్కలోనే ఉంటే, కారు అక్కడ ఎనిమిది పది సెకన్లు ఆగుతుంది. ఆ ఆగిన సమయం సగటును పాతాళానికి లాగేస్తుంది. అందువల్ల బాక్సు నుంచి తర్వాతి లూపు దాకా 90లో పోయినా యంత్రం పట్టుకోలేదు. బాక్సు ఎక్కడ దొరికిందన్నదాన్ని బట్టి ఒకరికి ఈ వెసులుబాటు ఉంటుంది, ఇంకొకరికి ఉండదు. నాస్కార్‌లో డ్రైవర్లు దీన్ని బాగా వాడుకున్నారు, దాంతో సమయం కొలిచే గీతల సంఖ్య పెంచాల్సి వచ్చింది. ముక్కలు చిన్నవి చేయాలి, బాక్సులున్న భాగంలో స్పీడ్ గన్ కూడా ఉండాలి.

మొదటి ముక్క సంగతి వేరే చెప్పాలి, ఎక్కువ మంది దొరికేది అక్కడే. గీత దగ్గరకు 80లో వచ్చి అప్పుడు గట్టిగా బ్రేకు వేశాడనుకోండి. 60కి దిగడానికి పదమూడున్నర మీటర్లు పడుతుంది. 20 మీటర్ల మొదటి ముక్కలో సగటు 66 దాటుతుంది. తర్వాత మొత్తం 59లో పోయినా దొరికిపోయినట్టే. అక్కడ మెకానిక్కులు ఉండరు కదా, కాస్త చూసీ చూడనట్టు పోవచ్చు కదా అంటారు కొందరు. నేను ఒప్పుకోను. ఆలస్యంగా బ్రేకు వేసిన కారు చక్రాలు లాక్ అయితే జారి వెళ్లేది మొదటి బాక్సులోకే.

శిక్ష వైపు నుంచి

డ్రైవ్‌త్రూ అనే మాట ఒకటే, ధర మాత్రం ట్రాక్‌ను బట్టి మారుతుంది. 300 మీటర్లలో హద్దు 60 అయి, పక్కన స్ట్రెయిట్‌లో కార్లు 180లో పోతుంటే తేడా 12 సెకన్లు. ఆస్ట్రేలియా సూపర్‌కార్స్‌లో హద్దు 40. అదే దూరానికి, స్ట్రెయిట్‌లో 200 అనుకుంటే, 21 సెకన్ల పైన పోతాయి. బయటికొచ్చేసరికి ఎదురయ్యే ట్రాఫిక్ అదృష్టం దీనికి అదనం. 2022 ఇండియానాపొలిస్ 500 అనే 200 ల్యాపుల రేసులో పోల్ (అందరికంటే ముందు స్థానం) నుంచి మొదలుపెట్టి 95 ల్యాపులు ముందున్న స్కాట్ డిక్సన్, చివరి పిట్ స్టాప్‌లో హద్దు కొంచెం దాటి డ్రైవ్‌త్రూతో 21వ స్థానానికి పడిపోయాడు. అదే తప్పు అతను ఇరవయ్యో ల్యాపులో చేసి ఉంటే కోలుకోవడానికి 180 ల్యాపులు మిగిలి ఉండేవి.

అలాగని అందరికీ ఐదు సెకన్లు కలిపేస్తే? అదీ కుదరదు. 300 మీటర్లలో 100తో పోతే 7.2 సెకన్లు మిగులుతాయి. ఐదు కట్టి రెండు జేబులో వేసుకోవచ్చు. లెక్క తెలిసిన జట్టు ఆఖరి ల్యాపుల్లో అదే చేస్తుంది. మనుషుల మధ్య నుంచి వంద కిలోమీటర్ల వేగంతో పోవడానికి ధర కట్టినట్టవుతుంది.

నేను కోరేది మెట్ల లెక్క. ఒక కిలోమీటరు మినహాయింపు దాటితే ఐదు సెకన్లు, హద్దు మీద ప్రతి కిలోమీటరుకూ ఇంకో సెకను. 65కి 10 సెకన్లు, 70కి 15, 80కి 25. 80లో 300 మీటర్లకు మిగిలేది నాలుగున్నర సెకన్లే కాబట్టి ఏ వేగంలోనూ మోసం గిట్టుబాటు కాదు. 80 దాటితే సెకన్ల లెక్క వద్దు, నల్ల జెండా చూపి పిలిపించాలి. అదే మీట్‌లో రెండోసారి దొరికితే రెట్టింపు. ఫార్ములా 1 ప్రాక్టీసులో ఇలాంటి మెట్లు ఉన్నాయి, దాటిన ప్రతి కిలోమీటరుకూ 100 యూరోలు, గరిష్ఠంగా 1000. డబ్బులో చేయగలిగింది సెకన్లలో ఎందుకు చేయలేం?

ఇందులోనూ ఒక లోపం ఉంది, దాచను. ప్రమాదం జరిగినప్పుడు అందరినీ నెమ్మదిగా నడిపించే సేఫ్టీ కారు వచ్చి కార్లన్నీ దగ్గరపడితే ఐదు సెకన్లే పది స్థానాలు తీసుకుపోవచ్చు. అందుకే తర్వాతి పిట్ స్టాప్ ఉంటే, కారును ముట్టుకోకుండా అక్కడే ఆ సెకన్లు ఆపించాలి. లేకపోతే చివర్లో కలపాలి. లోపం పూర్తిగా పోదు, కానీ డ్రైవ్‌త్రూలో ఉన్నంత జూదం ఉండదు.

పిట్ లేన్‌లో హద్దు దాటారో లేదో తేల్చేవారు చాలాచోట్ల జడ్జ్ ఆఫ్ ఫ్యాక్ట్ (జరిగింది ఏమిటో తేల్చే అధికారి) హోదాలో ఉంటారు. అంతర్జాతీయ స్పోర్టింగ్ కోడ్ ప్రకారం వారి నిర్ణయం మీద ప్రొటెస్ట్ చెల్లదు. రేసు మధ్యలో వాదనలు వినే తీరిక ఉండదు కాబట్టి ఆ ఏర్పాటు అవసరమే. అడిగే దారి మూసినప్పుడు అంకె బయటపెట్టే బాధ్యత రెట్టింపవుతుంది. కారు నంబరు, ఏ ముక్కలో దొరికింది, ఎన్ని కిలోమీటర్లు, ఈ మూడూ మానిటర్ మీద అప్పటికప్పుడు రావాలి. ఫార్ములా 1లో శిక్షలు వేసే స్టీవార్డుల కాగితం మీద వేగాన్ని దశాంశంతో సహా రాస్తారు. క్లబ్ రేసుల్లో రాయడానికి అయ్యే ఖర్చు ఒక కాగితం.

జట్లు అడగాల్సింది డ్రైవర్ల బ్రీఫింగులో, రేసు అయ్యాక కాదు. లూపులు ఎన్ని, మధ్య దూరం ఎంత, ఎప్పుడు కొలిచారు, మినహాయింపు ఎంత, గీత దాటడం అంటే కారు ముక్కు దాటడమా, ట్రాన్స్‌పాండర్ దాటడమా? ట్రాన్స్‌పాండర్ కారు ముక్కుకు మీటరున్నర వెనక ఉంటే, ముక్కు గీత దాటగానే యాక్సిలరేటర్ తొక్కినవాడు లూపు దృష్టిలో ఇంకా లోపలే ఉన్నాడు. శుక్రవారం మొదటి ప్రాక్టీసులో ప్రతి కారునూ ఒకసారి లిమిటర్ మీద పిట్ లేన్ దాటించి, వచ్చిన వేగాన్ని జట్టుకు రాసి ఇవ్వాలి. ఆ చీటీలో 60.4 కనిపిస్తే శుక్రవారం సాయంత్రమే ఈసీయూలో అంకె మార్చుకుంటారు. దానికి ముందు, పొద్దున ట్రాక్ తెరవకముందే, లూపుల మధ్య దూరాన్ని స్టీలు టేపుతో కొలవాలి, టేపు రెండో చివర ఒక జట్టు మేనేజర్ చేతిలో ఉండాలి.